పేరు కడిగేసిన రికార్డు

వెండెల్ ప్రాక్టర్‌కి ఒక చోట కాలు నిలవదు. అలాంటి మనిషి పాటను మొదటి నుంచి చివరిదాకా వింటాడా? పాడేవాళ్ళు నోరు మూసి, డ్రమ్ములు మాత్రం మోగే పదిహేను సెకన్లుంటాయే, అతనికి కావలసింది అదే. ఒకే రికార్డు రెండు కాపీలను రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఇక్కడ ఆ ముక్క అయిపోగానే అక్కడ అందుకుని, పది నిమిషాలు సాగదీసేవాడు. డెబ్బై అయిదు వేసవిలో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్ పేటలోని పార్కులో జనం ఊగిపోయింది ఆ దరువుకే.

అది ఏ రికార్డో కనిపెట్టాలని పక్క వీధి డీజేలు మెడలు సాచి చూసేవారు. అందుకే అప్పటి డీజేలందరూ చేసినట్టే వెండెల్ కూడా రికార్డుల్ని స్నానాల తొట్టిలో నానబెట్టి లేబుళ్ళు గీకేశాడు. కొన్న రోజు సాయంత్రమే గీకేశాడు, పేరైనా సరిగ్గా చదవకుండా.

"పేరు చెప్పన్నా, నీ సొమ్మేం పోయింది?" అనేవాడు పక్క వీధి డెక్స్టర్.

"చెప్తే నువ్వు వాయిస్తావు, నేనొచ్చి నీ ముందు గెంతాలి. పోరా."

ఆ చలికాలం వాళ్ళ బిల్డింగు తగలబడింది. మనుషులు బయటపడ్డారు గానీ, రికార్డులు కరిగి ముద్దయిపోయాయి. మర్నాడే మళ్ళీ కొనుక్కుందామని వెండెల్ షాపుకెళ్ళాడు.

"మాటలు చెప్పు నాయనా, వెతుకుతా," అన్నాడు షాపువాడు.

మాటలెక్కడివి? వింటే కదా! కౌంటరు మీద వేళ్ళతో దరువేసి చూపించాడు.

"ఇది పాటా, తలుపు కొట్టడమా?"

ఆ ముక్క లేకపోయేసరికి పార్కులో జనం పలచబడ్డారు. తర్వాత ఎవరెవరో రికార్డులు చేసి పేరు తెచ్చుకున్నారు. ఆ దరువును మొదట సాగదీసింది నేనే అంటే, "ఏదీ, వినిపించు" అనేవారు కుర్రకారు. ఆ మాట అతన్ని దహించేసేది. వారమంతా సిటీ బస్సు నడిపి, సెలవు దొరికితే చాలు, ఫిలడెల్ఫియా దాకా పాత రికార్డుల షాపులన్నీ కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

ఒక ఆదివారం నిచ్చెనెక్కి వంటింటి కప్పుకు రంగు వేస్తున్నాడు. రేడియోలో ఎవరో ఆవిడ నింపాదిగా ప్రేమపాట ఎత్తుకుంది.

"లూరీన్, ఆ ఏడుపు ఆపు."

"ఆపను. కావాలంటే దిగొచ్చి ఆపుకో," అంది భార్య చికెన్ వేయిస్తూ.

రెండు చేతులకూ రంగే. విసుక్కుంటూ మెల్లగా దిగుతున్నాడు. ఇంతలో పాడే ఆవిడ ఆగింది. డ్రమ్ములు మొదలయ్యాయి.

వెండెల్ మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఇది... ఈ పాట పేరేంటి?"

లూరీన్ వింతగా చూసింది. "మన పెళ్ళిలో మా అన్న వేయిస్తే, మొదట్లోనే నువ్వు మార్పించేసిన పాట. రికార్డు నా పెట్టెలోనే ఉంది. నేనెప్పుడు పెట్టుకున్నా రెండు లైన్లు కాకముందే వచ్చి తీసేస్తావు కదయ్యా."