కూర్చుంటే కనిపించే కిటికీ

టేపు పిన్ని అన్నది అక్క పిల్లలు పెట్టిన పేరు. బ్యాగులో దువ్వెన మర్చిపోయినా కొలత టేపు మర్చిపోదని. తర్వాత ఆఫీసులోనూ అదే స్థిరపడింది. పెద్ద పెద్ద ఆర్కిటెక్టుల దగ్గర జీవితమంతా మెట్లు, బాత్‌రూములు, తలుపు చట్రాలు గీసిన మనిషి. భవనం పూర్తయ్యాక ఫొటోలో నిలబడేది ఎప్పుడూ వేరేవాళ్లే. అందుకు ఆమె పెద్దగా ఏడ్చిందీ లేదు. కాకపోతే యాభై దాటాక, తను గీసింది తనదిగా ఒక్కటైనా లేవాలన్న కోరిక గట్టిగా పట్టుకుంది.

అవకాశం ఇంట్లోంచే వచ్చింది. బావ ఏళ్ల తరబడి బస్టాండు దగ్గర లాడ్జి నడిపాడు. ఊరి నడిబొడ్డున, రెండు ఎత్తైన భవనాల మధ్య ఇరుక్కున్న తన గోడౌనును పడగొట్టి చిన్న హోటలు కట్టాలనుకున్నాడు. ఎవరో కంపెనీవాళ్లు అద్దాల పెట్టెలాంటి భవనం బొమ్మ తెచ్చి చూపించారు. అక్క అడ్డం పడింది. ఇంట్లో మనిషిని పెట్టుకుని బయటివాళ్లెందుకని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి బావ ఒక షరతు మీద దిగొచ్చాడు. ముందు ఒక్క గది నమూనా కట్టి చూపించాలి. నచ్చకపోతే పని కంపెనీకి పోతుంది.

ఉద్యోగంలో ఉండగా ఆఫీసువాళ్లు టేపు పిన్నిని కొన్నాళ్లు శిక్షణకని జపాను పంపారు. అక్కడ ఒక పాత సత్రంలో ఉంది. గడ్డి చాపల నేల, కాగితం అతికించిన జరిపే తలుపులు. గదిలో అడుగుపెట్టగానే ఏమీ లేనట్టుంది. నేలమీద కూర్చున్నాక గానీ తెలియలేదు, అది కూర్చున్న మనిషి కంటిని కొలిచి కట్టిన గది అని.

ఆ ఊహనే ఉక్కు స్తంభాలు, కాంక్రీటు, లిఫ్టు ఉన్న నాలుగంతస్తుల ప్లానులో ఇమిడ్చింది. ప్రతి గది గుమ్మంలో చెప్పులు విడిచే చోటు, లోపల చాపలు. పక్క గోడకున్న కిటికీ నేలనుంచి మొదలై నడుము ఎత్తులో ఆగిపోతుంది. దాని బయట చిన్న అరుగు, నాలుగు రాళ్లు, ఒక పొద, వెనకాల వెదురు తడిక. తడికకు పైన పక్క భవనం డ్రైనేజీ గొట్టాలు. నేలమీద కూర్చుంటే అవి కనిపించవు. ఆ ఒక్క లెక్క మీదే మొత్తం హోటలు నిలబడి ఉంది.

గోడౌనులో ఒక మూల, బయటి గోడను కొంత పడగొట్టి, వడ్రంగి చేత అసలు కొలతలతో ప్లైవుడ్ గది కట్టించింది. కిటికీ బయట రాళ్లు, పొద, తడిక కూడా పెట్టించింది. బావ వచ్చాడు. వంగి కిటికీ చూశాడు.

"పిల్లి కోసం పెట్టావా ఇది?"

"కూర్చుని చూడండి బావా."

గోడ పట్టుకుని, మూలుగుతూ కూర్చున్నాడు. కూర్చున్నాక మాత్రం కళ్లు కిటికీకే అతుక్కున్నాయి. పొద మీద ఎండ పడుతోంది. రోడ్డు ఎక్కడో ఉన్నట్టుంది. గొట్టాల ఊసే లేదు. టేపు పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు బావ లేవబోయాడు. మోకాళ్లు సహకరించలేదు. ఒకసారి కిటికీ చట్రం పట్టుకున్నాడు, అది ఊగింది. చివరికి అటు అక్క, ఇటు వడ్రంగి చంకల్లో చేతులు వేసి లేపారు. ఆయన ముఖం కందగడ్డయింది.

"గదిలో దిగిన ప్రతివాణ్ణీ లేపడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టమంటావా? సోమవారం కంపెనీవాళ్లను రమ్మంటా."

బావకు సౌందర్యం అర్థం కాదని ఆ సాయంత్రం టేపు పిన్ని అక్క దగ్గర వాపోయింది. అక్క కూరగాయలు తరుగుతూ వింది.

"అర్థమైందే ఆయనకి. బానే చూశాడు. గదంతా నీ మోకాళ్లను చూసుకుని గీశావు. నావీ ఆయనవీ ఎలా ఉన్నాయో ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె నేలమీదే కూర్చుని గీస్తుంది. కూర్చోవడం ఒక పని అని, లేవడం ఇంకా పెద్ద పని అని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగిని పిలిపించింది. గుమ్మం దగ్గర నేలను అలాగే ఉంచి, మిగతా గదంతా కుర్చీ ఎత్తున చెక్క వేదిక వేసి దానిమీద చాపలు పరిపించింది. అంచున కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసుకోవచ్చు. కావాలంటే పైకి జరిగి బాసింపట్టు వేసుకోవచ్చు. మనిషి పైకి లేచాడు గనక కిటికీని కూడా అంత ఎత్తుకు జరిపించింది. తడికను మాత్రం పెంచలేదు. పెంచితే గదిలోకి వెలుతురు రాదు. అంటే ఒక గొట్టం కనిపిస్తుంది. ఆ గొట్టాన్ని ఎలా దాచాలా అని రోజంతా తల బద్దలు కొట్టుకుని, చివరికి వదిలేసింది.

సోమవారం కంపెనీవాళ్ల కంటే ముందే బావను గదిలోకి తీసుకెళ్లింది. ఆయన అంచున కూర్చున్నాడు. లేచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మళ్లీ కూర్చున్నాడు. అక్క వచ్చి పక్కన చేరింది.

"ఆ గొట్టం కనిపిస్తోంది" అన్నాడు బావ.

"కనిపిస్తుంది బావా. మీ మోకాళ్ల కోసం వదిలేశాను దాన్ని."

ఆయన కాళ్లు వేలాడేసుకుని పొద వైపు చూశాడు. కంపెనీవాళ్లు వచ్చారని కబురొస్తే, టీ ఇచ్చి పంపెయ్యమన్నాడు.

ఇదే అదనని టేపు పిన్ని అడిగేసింది. పై అంతస్తులో ఒక్క గది, మొదట గీసినట్టే, నేలమీద చాపలతో ఉంచుకోనా అని.

"ఒక్కటే" అన్నాడు బావ. "దాంట్లోకి మాత్రం నన్ను పిలవకు."