శుక్రవారం కడిగిన స్తంభం

స్తంభం సంగతి మొదట నా చెవిన వేసింది మా ఇల్లు బాగుచేస్తున్న వడ్రంగి మేస్త్రిగారు. పామర్రు దగ్గర మాది పాత పెంకుటిల్లు. దూలాలూ స్తంభాలూ అన్నీ టేకే. హాల్లో నడిమి స్తంభం పక్కనే మా అత్తగారి మంచం.

"అమ్మా, ముందు పెద్దమ్మగారిని వరండాలోకి తీసుకెళ్ళండి," అన్నారాయన. స్తంభం మొదట్లో గుచ్చిన ఉలి పిడిదాకా దిగిపోయి ఉంది. "ఏళ్ళ తరబడి నీళ్ళు పడి లోపలంతా కుళ్ళిపోయిందండీ."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి శుక్రవారం ఆ మొదలు చెంబెడు నీళ్ళతో కడిగి పసుపు రాసింది నేనే.

"దేవుడికి చెయ్యవే అభిషేకమంటే స్తంభానికి చేసింది మా కోడలు," అన్నారు అత్తగారు లేస్తూ. నాకు నవ్వు రాలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా నిలబడిందండీ?" అన్నాను.

మేస్త్రిగారు అటకెక్కి చూసి దిగారు. "కట్టినాయన ఎవరోగానీ, గోడల్లోంచి దూలానికి రెండు పక్కలా ఏటవాలు దన్నులు పెట్టాడమ్మా. బరువంతా అవే మోస్తున్నాయి."

కొత్త స్తంభానికి ఇప్పుడూ పసుపు రాస్తాను, నీళ్ళు మాత్రం పొయ్యను. ఆ కట్టినాయన పేరు మాలో ఎవరికీ తెలియదు. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆయన్ని ఒక్కసారి తలచుకోండి.