ఏరివేత మాస్టారు

నలుగురు చేరిన చోట పరాయివాణ్ణి ఏరి అవతల పెట్టందే ఆయనకు అన్నం సహించదు. అందుకే చుక్కల్ని పరిశీలించే ఆ వేధశాలలో అందరూ ఆయన్ని ఏరివేత మాస్టారు అంటారు.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. ఒకే ధూళిమేఘంలో పుట్టి, కలిసి సాగే నక్షత్రాల గుంపుల వెలుగు కొలిచి, ఏది ఎంత ముదిరిందో చెప్పడం ఆయన పని. చూపుకు అడ్డొచ్చిన దారినపోయే చుక్క ఒక్కటి కలిసినా గుంపు వయసు తలకిందులవుతుంది. ఆ జబ్బు ఇంటికీ పాకింది. మేనకోడలి పెళ్ళి ఫొటో చూసి, "ఈ మధ్యలో ఉన్నవాడు మన గుంపు కాదే!" అన్నారు.

"పెళ్ళికొడుకండీ! ఇకనుంచి మనవాడే," అని భార్య మొత్తుకుంది.

"కొన్నేళ్ళు కదలిక చూడకుండా ఎలా చెప్పను?"

ఈ చాదస్తాన్ని ఎక్కువగా భరించింది ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. నెలల తరబడి ఆమె కొలిచి తెచ్చిన చుక్కల్ని ఆయన బియ్యంలో రాళ్ళలా ఏరేసేవారు. పళ్ళు బిగబట్టుకుని మళ్ళీ కొలిచేది. పరిశోధన పేపరు అచ్చయితేనే ఆమెకు ఉద్యోగం, లేకపోతే ఇంటిదారి.

తీరా పేపరు పంపే రోజున ఆయన తన పేరే కొట్టేశారు.

"ఇదేంటి సార్? సగం కొలతలు మీవేగా!"

"నేను దారినపోయేవాణ్ణమ్మాయ్. పంపెయ్."

తన పని నచ్చకే తప్పుకున్నారనుకుని ఆమె కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. మనసులో నానా తిట్లూ తిట్టింది.

పేపరు అచ్చయింది, ఉద్యోగమూ వచ్చింది. ఆర్డరు చేతికిస్తూ గుమాస్తా అన్నాడు: "అదృష్టవంతులండీ. గురువు పేరు లేని పేపరు ఒకటైనా ఉండాలని కొత్త రూలు. మీకుంది. పాపం మాస్టారికే, ఈ ఏడు ఒక్క పేపరూ లేదని సర్వీసు పొడిగించలేదు. ఇవాళే ఆఖరు."

జీవితమంతా ఆకాశానికి కాపలా కాసిన మనిషిని ఒక్క పేపరు తక్కువైందని సాగనంపారు మహానుభావులు. వెళ్ళొస్తానన్నా ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

ఆమె గేటు దగ్గరికి పరిగెత్తింది. ఆయన టాక్సీలోకి పుస్తకాల పెట్టెలు ఎక్కిస్తున్నారు.

"మీరు చేసింది ఘోరం సార్! మీ కొలతలు కాజేసి నేను ఉద్యోగం చేసుకోవాలా? ఒక్క మాటైనా చెప్పలేదే!"

"చెబితే పంపేదానివా? అరవకు, ఆ పెట్టె ఓ చెయ్యి పట్టు."

పట్టింది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ మోసింది. డ్రైవరు ఇద్దర్నీ వింతగా చూసి, "మీ అమ్మాయాండీ?" అనడిగాడు.

కాదంటారని ఆమెకు తెలుసు.

"అవునయ్యా," అన్నారు మాస్టారు. "ఆ కోపం మాత్రం అచ్చం వాళ్ళమ్మ పోలిక."