ఎంగిలి చేయి

అమ్మకు ధర్మపురి ఆసుపత్రిలో డయాలసిస్. మా ఊరు ఇండూరు నుంచి టౌన్ బస్సులో తీసుకుపోయేది నేనే, మాత్రలు చూసుకునేదీ నేనే. అన్నిట్లోకి మొండిది ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర. దాన్ని అన్నం తింటూ మధ్యలో వేసుకోవాలి, ఆలస్యమైతే మింగీ లాభం లేదు. వేసుకుంటున్నానని అమ్మ చెబుతుంది, రక్త పరీక్షలో ఫాస్ఫరస్ మాత్రం దిగదు. అది పెరిగి పుట్టే దురదకు చేతులు రక్తం వచ్చేలా గోక్కునేది. ఇట్లాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం పక్కనే కాపు కాశాను. అమ్మ తినడం ముగించి, చేయి కడిగి, కంచం తోమి, నేల తుడిచి, అప్పుడు మాత్ర వేసుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఎంగిలి చేత్తో మందు ముడతారా పాపా?" అంది.

మరి ఎడమ చేత్తో వేసుకోమన్నాను. ఎడమ చేత్తో పసుపు కుంకుమ ఇమ్మన్నట్టు చూసింది. ఎంగిలి విషయంలో అమ్మ అంతే. తన కంచంలోది కన్నబిడ్డనైన నాకు కూడా పెట్టదు.

సాయంత్రం మేస్త్రీ పని నుంచి వచ్చిన నాయనకు ఇదంతా చెప్పి కసిరాను. మా ఇంట్లో ముందు నాయన తింటాడు, తర్వాత అమ్మ పొయ్యి వైపు తిరిగి తింటుంది. ఆ పూట ఆయన తిని, చేయి కడుక్కుని, సిమెంటుకు పగిలిన అరచేతిలో మాత్ర పెట్టుకుని ఆమె ఎదుట కూర్చున్నాడు. అమ్మకు సిగ్గుతో ముద్ద ఎత్తబుద్ధి కాలేదు.

"తిను, నేను చూడనులే," అని గోడ వైపు తిరిగాడు. కాసేపటికి అట్లాగే గోడను చూస్తూ మాత్ర ఆమె నోటికి అందిస్తే అది అమ్మ ముక్కుకు తగిలింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

అప్పటి నుంచి మధ్యాహ్నం మాత్ర నాది, రాత్రిది నాయనది. మెల్లగా ఫాస్ఫరస్ దిగింది, గోకుడు తగ్గింది.

మొన్న రాత్రి కడత్తూరులో ఎవరింటికో స్లాబు వేస్తూ నాయన రావడం ఆలస్యమైంది. నేను సొరకాయ కూటు వడ్డించి మాత్రతో కూర్చున్నాను. అమ్మ అన్నం కలిపి ఊరికే కూర్చుంది. చల్లారిపోతోందని కోప్పడ్డాను.

"నువ్వు పెడితే మాత్ర దిగతాది పాపా. రాత్రి పూట మీ నాయన లేకుండా అన్నం దిగదు," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇంతలో నాయన వచ్చాడు. తలంతా సిమెంటు దుమ్ము. చేతులు మాత్రం కడుక్కుని, తాను తినకుండానే ఆమె ఎదుట కూర్చున్నాడు. అమ్మ రెండు ముద్దలు తిని, నోరు తెరిచి మాత్ర అందుకుంది. తర్వాత అదే ఎంగిలి చేత్తో ఇంకో ముద్ద చేసి, ఆయన నోటి దగ్గర పెట్టింది.

నాయన గోడ వైపు తిరగలేదు. నోరు తెరిచాడు.