మోగని జాడీ

మా మరిది చదివిన చదువు, పింగాణీ ఎలా పాడవుతుందన్నది. నవ్వకండి, దానికి జీతం కూడా ఇస్తారు. సూర్యుడి లోపలి మంటను మనుషులు నేలమీద రాజేసి కరెంటు తీయాలని చూస్తున్నారట. ఆ కొలిమిలో పెట్టే పింగాణీ ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చూడటం అతగాడి ఉద్యోగం. తొంభైల్లో ఒక ఎండాకాలం బందరు వచ్చి, నేను మామిడికాయ ముక్కలు తుడుస్తుంటే మంచం మీద వెల్లకిలా పడుకుని పాఠం మొదలెట్టాడు.

"కంటికి కనబడని కణాలు వచ్చి గుద్దుతూ ఉంటాయి వదినా. లోపల అణువులు చోటు తప్పుతాయి. పింగాణీ లోలోపలే ఉబ్బి, బలం పోతుంది. పైకి చిన్న గీత కూడా ఉండదు."

"ఇది తెలుసుకోడానికి అన్నేళ్లు చదివావా అబ్బాయ్?"

మా ఇంట్లో జాడీని వేలి కణుపుతో కొట్టి వింటాం. ఖంగుమంటే ఆవకాయకి, మొద్దుగా పలికితే ఉప్పుకి. అత్తగారు నా చేతికి ఆవకాయ అప్పగించిన మొదటి ఏడు అది. ఆవకాయ జాడీ అంతకుముందే పగిలింది. మిగిలింది పెరటి వసారాలో ఏళ్ల తరబడి కల్లుప్పు మోసిన పెద్ద జాడీ. కొట్టాను. మొద్దుగా పలికింది.

"దీన్ని లోపల ఉప్పు తినేసింది అత్తయ్యా. ఇప్పుడు బస్సెక్కితే గుడివాడలో కొత్తది కొని సాయంత్రానికి వచ్చేస్తాను."

మరిది లేచి, జాడీలోకి టార్చిలైటు వేసి చూశాడు.

"పగులేదీ? గీతేదీ? వదిన చెవులతో చూస్తుందమ్మా!"

అత్తగారు పకపకా నవ్వారు. "చదువుకున్నవాడు చెబుతున్నాడుగా, పెట్టెయ్యి."

నాలుగో తరగతితో ఆగినదాన్ని, ఆ జాడీలోనే పెట్టాను. అరగంట కిందట తన నోటితో చెప్పిన పాఠం ఆ మహానుభావుడికే గుర్తు లేదు.

వానలు పడేసరికి జాడీ కింద పీట నూనెకి నల్లబడింది. పైన తేలాల్సిన నూనె దిగిపోయి, ముక్కల మీద తెల్లగా బూజు. ఏడాది ఆవకాయ పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. "ఆ కోడలి చెయ్యి మంచిది కాదు" అని వాడంతా అనుకున్నారు. అత్తగారు కాదనలేదు.

దసరాకి మరిది మళ్లీ వచ్చాడు. కంచం ముందు కూర్చుని, "ఆవకాయేది వదినా?" అన్నాడు.

ఖాళీ జాడీ తెచ్చి కంచం పక్కన పెట్టాను. అడుగు తడిమి చూశాడు. తర్వాత, అప్పటికి బుద్ధి పుట్టి, కణుపుతో కొట్టాడు.

"ఇది మోగట్లేదేంటి?"

"మీ వదిన ఆరోజే చెప్పింది కదరా!" అన్నారు అత్తగారు, పక్కింటివాళ్లకి వినబడేంత గట్టిగా.

అతగాడు తలెత్తకుండా మజ్జిగన్నం తిన్నాడు. నంజుకోడానికి ఉప్పు వేశాను.