మామా నవ్వినప్పుడు నవ్వని అక్క

మొన్న పొద్దున రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్దర్లోనే పోయింది," అన్నాడు అక్క కొడుకు. మాది రక్తసంబంధం కాదు. కువైట్‌లో ఒకే ఇంట్లో ఆమె వంట చేసేది, నేను పిల్లల్ని చూసుకునేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఏడుపు కంటే ముందు భయమేసింది. ఇన్నాళ్లూ ఆమె ధైర్యం మీదే బతికినట్టున్నాను.

రాయచోటిలో అక్క వాళ్లింట్లో, టీవీలో పనివాణ్ణి తన్నే హాస్యం వస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. అక్క మాత్రం, "ఏంటికి నవ్వుతాండారు? ఆయప్పకు నొప్పి ల్యాదా?" అని అడిగేది. మనవళ్లు విసుక్కునేవారు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చినప్పుడు మేం అక్కడి జహ్రా ఊళ్లో ఉన్నాం. వీధిలో ట్యాంకులు తిరుగుతుంటే కిటికీ అద్దాలు అదిరేవి. పిల్లలు అరవకుండా ఉండాలని మామా, అంటే మా యజమానురాలు, మధ్యాహ్నాలు సినిమా క్యాసెట్లు పెట్టేది. మేమిద్దరం తలుపు పక్కన నేల మీద కూర్చునేవాళ్లం. భాష రాదు కాబట్టి మామా నవ్వినప్పుడు నవ్వేవాళ్లం. టీ అందించడంలాగే అదీ మా పనిలో భాగమే.

ఆ రోజు పాత అమెరికా సినిమా. పెద్ద బంగళా, యుద్ధం, నల్లజాతి పనిమనిషి. తుపాకీ పేలగానే ఆమె కళ్లు తేలేసి, కేకలు పెడుతూ బల్ల కిందికి దూరింది. మామా, పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు.

"బయట నిజం తుపాకులే పేల్తాండాయి. మనమూ అట్లే వణుకుతాండాం గదమ్మే. ఆయమ్మను జూస్తే నవ్వెట్లొస్తాది నీకు?" అంది నా చెవిలో. 

సినిమాలో తర్వాత యజమానులు పారిపోతే ఆ పనిమనిషి ఒక్కతే బంగళాకు కాపలా ఉంది. మామా కళ్లు తుడుచుకుంది. "ఎంత విశ్వాసమో!" అంది.

రెండు రోజులకు సైనికులు పక్కింట్లో దూరి, వాళ్ల డ్రైవర్‌ని లాక్కుపోయారు. వాడు మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్న యజమాని, మామా భర్త, సౌదీకి బయల్దేరదామన్నాడు. కారులో మాకు చోటు లేదు. మామా తాళాలగుత్తి అక్క చేతిలో పెట్టి, "మేం వచ్చేదాకా ఇంటి కాపలా మీదే. ఆ సినిమాలో ఆమెలాగా," అంది. మంచిమనసుతోనే అంది. కానీ మా పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో ఉన్నాయి. అవి లేకుండా ఆ ఇంట్లో చిక్కుకుంటే మా గతి పక్కింటి డ్రైవర్ గతే.

 అక్క వచ్చీరాని అరబ్బీలో చెప్పింది. మన మాటలో అయితే ఇదీ: "మామా, సినిమా ఖలాస్ అయినాక ఆయమ్మ వాళ్లింటికి పోయింటాది. మాకూ ఇండ్లుండాయి. మా పాస్‌పోర్టులు ఇయ్యండి."

 బయట ఏదో బండి ఆగింది, మళ్లీ కదిలింది. కఫీల్ లోపలికి వెళ్లి బీరువా తెరిచి మా పాస్‌పోర్టులు తెచ్చిచ్చాడు.

అక్క తాళాలగుత్తిని మామా అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లు మూసి, పైన తన చేయి ఉంచింది. ఆ చేతుల మధ్య తాళాలు గలగలమంటూనే ఉన్నాయి. వణుకుతున్నది ఎవరి చేయో నాకు తెలియలేదు.