నాలుగు పోగుల దారం

గేలాల షాపు ఆవిడ మాస్టారిని దూరం నుంచే చూసి, కౌంటరు మీది సరుకంతా ఒక పక్కకు జరిపింది. ఆయన వస్తున్నాడంటే అక్కడ చోటు కావాలి. ఒక దారం అడిగి, తీసుకుని, వెళ్ళిపోయే మనిషి కాదు. ఉన్న ఉండలన్నీ కిందికి దింపించాలి, ప్రతిదాన్నీ మూరెడు లాగి వెలుతురుకు పట్టి చూడాలి, వద్దని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. టైలరు కాబట్టి వీధిలో అందరికీ ఆయన మాస్టారే. అత్తారింటి వాళ్ళు మాత్రం పెళ్ళయిన కొత్తలోనే బొంగరం అని పేరు పెట్టేశారు. కుట్టు మిషను ముందు తప్ప ఇంకెక్కడా కుదురుగా కూర్చోడని ఆ పేరు. ఈమధ్య మిషను ముందు కూడా కూర్చోవడం లేదు. ఆ సంగతి వాళ్ళకింకా తెలియదు.

"మళ్ళీ ఏమైంది మాస్టారూ?" అంది ఆవిడ.

"నువ్విచ్చిన దారం పలకట్లేదమ్మా."

"పలకడానికి అదేమన్నా ఫోనా?"

"నవ్వులాట కాదు. చేప వచ్చి రేకును కొట్టిపోతోంది, నాకు తెలియట్లేదు. పక్కనున్న మా తోడల్లుడు 'కొట్టింది, లాగు అన్నయ్యా' అంటాడు. నేను లాగేసరికి అది వాళ్ళ ఊరెళ్ళిపోతోంది."

రేకంటే చేపపిల్లలా మెరిసే లోహపు ముక్క. స్పిన్నింగ్ రాడ్‌తో దాన్ని దూరంగా విసరడం, రీలు తిప్పుతూ నీళ్ళలో లాక్కురావడం, మళ్ళీ విసరడం. ఎర వేసి ఒడ్డున కునుకు తీసే చేపల వేట ఇది కాదు. కాలు నిలవని మనిషి కనుకనే మాస్టారు ఈ వేట పట్టాడు.

ఆయన ఈ సరికే నైలాను దారం రెండు రకాలు మార్చాడు. ఆవిడ కాస్త ఆలోచించింది. "నైలాను సాగుతుంది మాస్టారూ. అక్కడ చేప కొట్టిన దెబ్బ సగం దారిలోనే చచ్చిపోతుంది. బ్రెయిడ్ వాడి చూడండి. జడలా అల్లింది, అసలు సాగదు. చేప దగ్గినా మీ వేలికి తెలుస్తుంది."

ఆ చివరి మాట మాస్టారి చెవిలో అమృతంలా పడింది. మొన్నటిదాకా తప్పు రాడ్‌ది అన్నాడు. తర్వాత నీళ్ళ మురికిది అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆయనకూ తెలుసు, ఎదుటివాళ్ళ మీద వాడతాడు కూడా. తన దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాడు. ఎవరైనా అంతేలెండి.

సంగతి ఇది. వానలు మొదలైనప్పటి నుంచి ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారుతున్నాయి. మొదట చీమలు పాకినట్టుండేది. తర్వాత చీమలు కూడా పోయాయి. ఇప్పుడు ఆ వేళ్ళతో ఏది పట్టుకున్నా ఎవరివో గ్లవ్స్ తొడుక్కుని పట్టుకున్నట్టుంటుంది. మేనమామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో కళ్ళకు గుడ్డ కట్టి బట్ట చేతిలో పెడితే, అది ఏ నూలో, ఏది లోపలి వైపో, దానిలో ఎంత కల్తీ ఉందో చెప్పిన వేళ్ళవి. ఇన్నేళ్ళూ ఇల్లు నడిపిన వేళ్ళు. ఇప్పుడు బట్టకు ఏది పైవైపో తెలియాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళాలి. లేదా ఎవరూ చూడకుండా పెదవికి రాసుకోవాలి. సూది జారి కింద పడితే, వట్టి వేళ్ళతో రెండు కుట్లు వేసి అప్పుడు చూసుకుంటున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషి గేలాల షాపుకు వెళ్ళాడు. ఆయన లెక్క ఆయనకుంది. సాగే దారంతో చేప దెబ్బ తెలియకపోవడం దారం తప్పు. సాగని దారంతో తెలిసిందంటే వేళ్ళు బాగున్నట్టే. బాగుంటే ఇంట్లో ఒక మాట చెప్పొచ్చు. ఆ మాట కోసం ఆయన భార్య రోజూ ఎదురుచూస్తోంది.

షాపు ఆవిడ రెండు రకాల ఉండలు ముందు పెట్టింది. "ఇది ఎనిమిది పోగులది. పట్టులా ఉంటుంది, రాడ్ రింగుల్లోంచి చప్పుడు లేకుండా పోతుంది. అందరూ ఇదే తీసుకుంటారు. ఇది నాలుగు పోగులు. మొండిది, గరుకు. రాళ్ళ మధ్య వాడేవాళ్ళకి తప్ప నేనివ్వను."

మాస్టారు రెంటినీ బొటనవేలితో రాశాడు. ఎనిమిది పోగులది ఏమీ అనలేదు. నాలుగు పోగులది కూడా ఏమీ అనలేదు. ఆవిడ వెనక్కి తిరిగి ఏదో తీస్తున్నప్పుడు, గబుక్కున రెంటినీ పెదవుల మధ్య పెట్టి లాగాడు. అప్పుడు తెలిసింది తేడా.

"గరుకుదే ఇవ్వు."

"మాస్టారూ, అది రంపం. విసిరేటప్పుడు దారం చూపుడువేలి మీదే ఆగుతుంది కదా, కోసేస్తుంది. ఇదిగో, ఈ వేలి తొడుగు పెట్టుకోండి. ఊరికే ఇస్తున్నా."

"తొడుగేసుకుంటే ఇక దారం మార్చి లాభమేంటి?" అని ఆయన అప్పటికే గుమ్మం దాటేశాడు. ఆవిడ వెనక నుంచి అరిచి చెప్పింది. రీలుకు ముందు కాస్త నైలాను చుట్టి, దాని మీద ఇది చుట్టాలట. నున్నటి లోహం మీద నేరుగా చుడితే దారమంతా ఒక్క ముద్దగా జారి గిర్రున తిరుగుతుందట. ఆయన వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపాడు.

మాస్టారిది ముందు గదిలో షాపు, వెనక ఇల్లు. ముందు గదిలో రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకు వేలాడే సగం కుట్టిన కోట్లు. కాజాలు, బొత్తాలు, చేతి కుట్టు ఆయన భార్య పని. కత్తిరింపు ఆయనది. పక్క గది ఖాళీ అయి చాలా రోజులైంది. దాన్ని కూడా తీసుకుని మరో రెండు మిషన్లు వేద్దామని ఆమె ఆశ. గోడకు ఎక్కడ తలుపు పెట్టాలో సుద్దముక్కతో గీసి కూడా ఉంచింది. గది యజమాని ఈ వారంలో మాట చెప్పమన్నాడు. మాస్టారు ఆ గీత వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాడు.

"కాస్త ఇది పట్టుకో," అని దారపు ఉండకు పెన్సిలు గుచ్చి ఆమెకు ఇచ్చాడు. వదులుగా చుడితే విసిరినప్పుడు చిక్కు పడుతుంది. అందుకని ఆమె తడిగుడ్డ మధ్య దారాన్ని బిగించి పట్టుకుంది. ఆయన రీలు తిప్పాడు.

"గది సంగతి ఏం చేశారు?"

"చూద్దాం."

"చూద్దాం చూద్దాం అని వానాకాలం వెళ్ళబుచ్చారు. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి."

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"మరి ఎందుకలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు? మిషను ఎక్కి ఎన్నాళ్ళైంది? నిన్న ఆ లాయరు కోటు కత్తిరించడానికి నాలుగు సార్లు లేచారు."

ఆయన రీలు గబగబా తిప్పాడు. ఆమే మళ్ళీ అంది. "ఇదేం దారమండీ బాబూ, తడిగుడ్డలోంచి కూడా గరుకు తెలుస్తోంది."

ఆయన చెయ్యి ఆగింది. "తెలుస్తోందా?"

"తెలియకపోవడమేంటి? చర్మం లేచిపోయేట్టుంది."

"గరుకుదే. మంచిది," అన్నాడు. కానీ ఆమెకు గుడ్డలోంచి తెలిసింది తన వట్టి వేళ్ళకు తెలియలేదు. పొద్దున నీళ్ళ దగ్గర తేలిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. చేప బరువు వేరు, ఊరికే పట్టుకోవడం వేరు.

ఆదివారం పొద్దున తోడల్లుడితో కలిసి ఆనకట్ట దగ్గరికి వెళ్ళాడు. తోడల్లుడంటే భార్య చెల్లెలి భర్త. బస్సు డ్రైవరు. రోజంతా అందరి అరుపులూ విని విని, సెలవు రోజున నోరు తెరవడు. రాయి మీద రాయిలా కూర్చుని రాడ్ కొస మీద కళ్ళు పెడితే ఇక అంతే. మాస్టారు ఆయన ఎడమపక్క నిలబడి నాలుగు విసుర్లు విసిరాడు, కుడిపక్కకు మారాడు, రాళ్ళు దిగి నీటి అంచుకు వెళ్ళాడు, మళ్ళీ ఎక్కాడు.

"అన్నయ్యా, చేపల కంటే నువ్వే ఎక్కువ తిరుగుతున్నావు," అన్నాడు తోడల్లుడు.

"కొత్త దారం. అలవాటు చేసుకోవాలి."

దారం నిజంగానే దూరం పోతోంది. రింగుల్లోంచి వెళ్తూ ఝుమ్మని పాడుతోంది. ఆ పాట చెవికి వినిపిస్తోంది కనుక వేలికి కూడా తెలుస్తోందని మాస్టారు అనుకున్నాడు. విసిరాడు, తిప్పాడు, విసిరాడు. ప్రతిసారీ చూపుడువేలితో దారాన్ని పట్టి, బలంగా ఊపి, వదిలాడు. ఎండ ఎక్కింది. ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. తగిలినా తనకు తెలియలేదేమో. తోడల్లుడు ఈసారి 'కొట్టింది' అనలేదు కదా అని అడుగుదామనుకుని, అడగలేక ఊరుకున్నాడు.

అప్పుడు తగిలింది. రాడ్ ఒక్కసారిగా వంగింది. దెబ్బ మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది. మాస్టారు వెనక్కి గుంజాడు. నీళ్ళలో ఏదో బరువైనది పక్కకు తిరిగి పరుగు తీసింది, రీలు కర్రుమంది.

"తెలిసింది తమ్ముడూ, నాకు తెలిసింది," అన్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

తోడల్లుడు లేచి వల పట్టుకుని రాళ్ళు దిగాడు. చేప రెండుసార్లు ఒడ్డు దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. మూడోసారి వలలో పడింది. మూరెడు చేప. మాస్టారి ముఖం చూడాలి అప్పుడు. చిన్నపిల్లాడికి కొత్త బూట్లు కొనిచ్చినట్టుంది. ఆయనకు కనిపిస్తున్నది చేప కాదు. గోడ మీది సుద్దగీత, అందులో తలుపు, తలుపు అవతల కొత్త మిషన్లు. ఇంటికి వెళ్ళగానే సరేనని చెప్పేయాలి.

తోడల్లుడు చేప నోట్లోంచి రేకు తీసి పైకొచ్చి, రాడ్ అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. చేతిపిడికి తొడిగిన బెండు ఎర్రగా ఉంది. రీలు కింది భాగం ఎర్రగా ఉంది. మాస్టారి చొక్కా ముందువైపు కూడా మరకలున్నాయి.

"ఇది చేపది కాదే," అన్నాడు నెమ్మదిగా. "అన్నయ్యా, నీ చెయ్యేదీ, చూపించు."

మాస్టారు చెయ్యి చూసుకున్నాడు. చూపుడువేలి మొదటి కణుపు దగ్గర దారం కోసుకుంటూ పోయింది. పొద్దుటి నుంచి ప్రతి విసురుకూ అదే చోట. అంచులు తెల్లగా తెరుచుకుని ఉన్నాయి. రక్తం మణికట్టు దాకా వచ్చి ఎండిపోయి, దాని మీద మళ్ళీ కొత్తగా కారుతోంది.

"ఎంతసేపైంది తెగి?"

మాస్టారు వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"నొప్పి తెలియలేదా?"

"కొద్దిగా," అన్నాడు. తర్వాత రాయి మీద కూర్చుని, "లేదు," అన్నాడు.

తోడల్లుడు తన రుమాలు నీళ్ళలో తడిపి, పిండి, గట్టిగా కట్టాడు. సామాను సర్దాడు. నోరు లేని ఆ మనిషి దారిలో ఒక్క మాటే మాట్లాడాడు. "వదినకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

ఇంటికి వచ్చేసరికి భార్య మిషను మీద ఉంది. కట్టు చూసి పెడలు ఆపింది. మాస్టారు కత్తిరింపు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కత్తెర తీసి ఇటు పెట్టాడు, మళ్ళీ అటు పెట్టాడు. తర్వాత చీమలు పాకిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. పెదవికి రాసుకున్నది, సూది పడిపోయినది, దారాలు మార్చినది.

ఆమె మండిపడింది. "ఆ గది కోసం నాకు చెప్పలేదా? నేను మిమ్మల్ని చేసుకున్నానా, గదిని చేసుకున్నానా?"

"నువ్వు గోడ మీద గీత కూడా గీసుకున్నావు."

"సుద్దే కదా, తుడిస్తే పోతుంది." లేచి వెళ్ళి నిజంగానే చీర కొంగుతో తుడిచేసింది. సగం పోయింది, సగం పోలేదు. ఇటు తిరిగి, "రేపు పొద్దున షాపు తియ్యొద్దు. ఆసుపత్రికి వెళ్దాం. ముందు నన్ను చూడనివ్వండి, ఎంతవరకు వచ్చిందో. కూర్చోండి. కళ్ళు మూసుకోండి," అంది.

ఆయన కూర్చున్నాడు. చెయ్యి బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మేనమామ కట్టిన గుడ్డ గుర్తొచ్చింది.

"ఏ వేలు పట్టుకున్నానో చెప్పండి."

"చిటికెన వేలు."

"ఇప్పుడు?"

"ఉంగరం వేలు."

"ఇప్పుడు?"

"మధ్యది. కాస్త మందంగా ఉంది కానీ, తెలుస్తోంది."

తర్వాత ఆమె ఏమీ అడగలేదు. ఆయన ఎదురుచూశాడు. వీధిలో ఏదో బండి వెళ్ళింది. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఆయన మోకాలు ఊగడం మొదలైంది.

"ఆగిపోయావేం? బొటనవేలు పట్టుకో మరి," అన్నాడు.

"పట్టుకునే ఉన్నాను," అంది ఆమె.

మోకాలు ఊగడం ఆగింది. మాస్టారు కళ్ళు తెరవలేదు, కుర్చీలోంచి లేవలేదు.